విశాఖకు వచ్చేయాలా, వచ్చి వెళ్తుండాలా: నాలుగు దారుల పోలిక

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖకు వచ్చిన ఎన్నారై కుటుంబాల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం నడుస్తున్నప్పుడో, పిల్లలు తాతయ్య చెయ్యి పట్టుకుని కైలాసగిరి రోప్‌వే ఎక్కుతున్నప్పుడో, "ఇక్కడికే వచ్చేస్తే ఎలా ఉంటుంది?" అని భార్యాభర్తల్లో ఒకరు అంటారు. రెండోవాళ్లు వెంటనే జవాబివ్వరు. తిరిగి వెళ్లాక ఆరు నెలలు దాని మీదే చర్చ నడుస్తుంది. మళ్లీ సంక్రాంతి వస్తుంది, మళ్లీ అదే ప్రశ్న.

మేం న్యూజెర్సీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక బంధువులూ స్నేహితులూ ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా డబ్బు గురించే. ఎంత ఉంటే రావచ్చు, ఇక్కడ నెలకు ఎంత అవుతుంది అని. డబ్బు ముఖ్యమే. కానీ నేను చూసినంతలో ఈ విషయాన్ని తేల్చేవి రెండే: అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లలు చదువుతున్న క్లాసు. ఈ రెంటికీ గడువు ఉంటుంది, డబ్బుకు ఉండదు. చాలామంది ఎటూ తేల్చుకోలేకపోవడానికి ఇంకో కారణం, వచ్చేయడం లేదా రాకపోవడం అని రెండే దారులు కనబడటం. నిజానికి నాలుగున్నాయి.

ముందు ఊరిని మామూలు రోజుల్లో చూడండి

పండగ రోజుల్లో చూసిన ఊరితో లెక్క వేయొద్దు. జనవరిలో ఇక్కడి గాలి హాయిగా ఉంటుంది. మే నెల వేరు. ఎండ విజయవాడంత ఉండకపోవచ్చు గానీ, సముద్రం పక్కన ఉక్కపోత తెల్లారి ఆరింటికే మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుపానుల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదకే వచ్చింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు, నీళ్లు, ఫోన్లు లేక జనం పడిన అవస్థ ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. హనుమంతవాక నుంచి మద్దిలపాలెం దాకా ఆఫీసు వేళల్లో ట్రాఫిక్ ఎలా ఉంటుందో సెలవుల్లో క్యాబ్ ఎక్కి తిరిగేవాళ్లకు తెలియదు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపేవాళ్లకు తెలుస్తుంది.

అన్నిటికంటే మీకు తెలియకుండా ఉండిపోయేది ఇంట్లోనే ఉంటుంది. మేం సెలవులకు వచ్చినప్పుడల్లా మా అత్తగారి మందులన్నీ బీరువాలోకి వెళ్లిపోయేవి. "ఎలా ఉంది అత్తయ్యా?" అంటే "నాకేటమ్మా, బానే ఉన్నాను" అనేవారు. ఇక్కడే ఉండటం మొదలుపెట్టాక ఆ స్టీలు డబ్బా నా చేతికి వచ్చింది. అందులో ముక్కలుగా కత్తిరించిన మాత్రల షీట్లు, కాగితం అతికించి బాల్‌పెన్‌తో రాసుకున్న 'పొద్దున', 'రాత్రి', 'అన్నం తిన్నాక' అనే గుర్తులు. కత్తిరించిన చోట మందు పేరు సగం పోయింది. షుగర్ మాత్ర తెలుపు, బీపీది గులాబీ అని రంగును బట్టి వేసుకునేవారు. మందుల షాపులో ఒకసారి వేరే కంపెనీది ఇచ్చారు, రంగు మారిపోయింది. పది రోజులు ఒకే మందు రెండుసార్లు వేసుకుని, రెండోది మానేశారు. ఫోన్‌లో రోజూ మాట్లాడే కొడుక్కి ఇది తెలిసే అవకాశమే లేదు.

అందుకని ఈసారి వచ్చినప్పుడు షాపింగు కాస్త తగ్గించి ఒక పూట ఆ డబ్బా దగ్గర కూర్చోండి. వాళ్లు చూపించుకునే డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి. బ్యాంకుకి, కరెంటు ఆఫీసుకి, గ్యాస్ బుకింగ్‌కి వాళ్లు ఎవరి మీద ఆధారపడుతున్నారో చూడండి. ఆ సాయం చేసే పక్కింటి అబ్బాయి ఉద్యోగం వచ్చి ఊరు వదిలేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీరు నాలుగు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది సగం అక్కడే తేలిపోతుంది. వీలైతే ఒక ఏడాది సంక్రాంతికి బదులు మే, జూన్‌లో రండి. టికెట్ ఖర్చు ఎక్కువైనా సరే.

మొదటి దారి: పూర్తిగా విశాఖకే వచ్చేయడం

డాక్టర్లు, ఫార్మా రంగంలో పనిచేసేవాళ్లు, అధ్యాపకులు, సొంతంగా ఏదైనా నడపాలనుకునేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, హెచ్‌పీసీఎల్, షిప్‌యార్డ్, పోర్టు, 1926 నుంచి నడుస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం, గంభీరంలో ఐఐఎం ఉన్న ఊరు ఇది. అనుభవం ఉన్నవాళ్లకు చోటు దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. రుషికొండలో 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ కేంద్రం మొదలైంది. టీసీఎస్‌కు రుషికొండలో, కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో 21 ఎకరాల చొప్పున, ఎకరా 99 పైసలకే ప్రభుత్వం భూమి ఇచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఇక్కడ ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. ఇవన్నీ చదివి చాలామందికి ఆశ పుట్టింది, నాకూ సంతోషంగానే ఉంది. కానీ డేటా సెంటర్ అంటే డబ్బు ఎక్కువ, మనుషులు తక్కువ అవసరమయ్యే పని. భూమి ఇచ్చిన చోట మీ అనుభవానికి తగ్గ ఉద్యోగం ఉంటుందన్న హామీ ఏమీ లేదు. అసలు చిక్కు మొదటి ఉద్యోగం దొరకడం కాదు, అది పోతే రెండోది దొరకడం. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మానేస్తే అదే రోడ్డులో ఇంకొకటి ఉంటుంది. ఇక్కడ ఇంకా ఆ పరిస్థితి రాలేదు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ లెటరో, ఇంటి నుంచి పనిచేయొచ్చని రాతపూర్వక అనుమతో చేతిలో ఉంటేనే నేరుగా విశాఖకు రమ్మంటాను. "వచ్చాక చూసుకుందాం" అన్నది నలభై దాటినవాళ్లకు మంచి పద్ధతి కాదు.

అమ్మానాన్నల్లో ఒక్కరే మిగిలినా, ఇద్దరిలో ఎవరికైనా మతిమరుపు మొదలైనా, ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఈ దారే చూడండి.

రెండో దారి: ఒక ఏడాది వచ్చి ఉండి చూడటం

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న కుటుంబాలకు నేను మొదట చెప్పేది ఇదే. అక్కడి ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి, కంపెనీలో సెలవో బదిలీయో తీసుకుని, ఇక్కడ అద్దె ఇంట్లో ఒక స్కూల్ సంవత్సరం ఉండటం. అంటే జూన్ నుంచి ఏప్రిల్ దాకా. వానలు, తుపాను రోజులు, పరీక్షలు, ఎండలు అన్నీ చూస్తారు. అమ్మానాన్నల ఇంట్లోనే దిగిపోకండి. అక్కడ ఉంటే సొంత సంసారం ఇక్కడ ఎలా నడుస్తుందో తెలియదు, చుట్టపుచూపుగా వచ్చిన సెలవే ఇంకాస్త పొడుగవుతుంది. పక్క వీధిలో అద్దెకు తీసుకోండి.

అయితే తిరిగి వెళ్లే తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుందన్నది మీ చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటుంది. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఏడాది దాటి బయట ఉండాలంటే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రానిచ్చే అనుమతి పత్రం) కావాలి. దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు. కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాళ్లు ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. బ్రిటన్‌లో అలాంటిదే అయిన ఐఎల్ఆర్ ఉన్నవాళ్లు వరుసగా రెండేళ్లు దాటి బయట ఉంటే అది రద్దవుతుంది. పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఈ భయం లేదు.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి ఇప్పుడు బాగా ఇరుకైంది. 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ల కోసం కంపెనీలు వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఒకసారి వచ్చి చూసి మళ్లీ వెళ్దాం అనుకునే రోజులు కావివి. వాళ్లు ఈ ఏడాదిపాటు ఉండి చూడటాన్ని ప్రయోగంగా కాక, మొదటి దారి అనుకునే లెక్కలు వేసుకోవాలి. లాయరును అడక్కుండా టికెట్లు కొనొద్దు.

మూడో దారి: అక్కడే ఉండి, ఎక్కువ రోజులు వచ్చి వెళ్తుండటం

పిల్లలు హైస్కూల్లో ఉన్నప్పుడు, అమ్మానాన్నలు తమ పనులు తాము చేసుకోగలుగుతున్నప్పుడు ఇది బాగుంటుంది. మూడు వారాలకు బదులు ఏడాదిలో రెండుసార్లు, రెండేసి నెలలు. భార్యాభర్తలు వంతులు వేసుకుని ఒకసారి ఒకరు వచ్చినా పెద్దవాళ్లకు ఏడాదిలో నాలుగు నెలలు ఎవరో ఒకరు తోడున్నట్టే.

ఇందులో పన్ను లెక్క ఒకటుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే మీరు పన్నుపరంగా రెసిడెంట్ (ఇక్కడి నివాసి) అయిపోతారు. ఇక్కడి అద్దెలు, వడ్డీలు లాంటి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటినవాళ్లకు ఆ గీత 120 రోజులకే రావచ్చు. ఇక్కడ కూర్చుని అమెరికా కంపెనీ పని చేస్తే ఆ జీతం మీద కూడా ఇక్కడ పన్ను ప్రశ్న వస్తుంది. కంపెనీకి చెప్పకుండా అలా చేయడం ఉద్యోగానికే ముప్పు.

అమ్మానాన్నలనే అక్కడికి తీసుకెళ్లిపోతే సరిపోతుంది కదా అంటారు కొందరు. విజిటర్ వీసా మీద ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు సరే. కానీ డెబ్భై దాటినవాళ్లకు అక్కడి ప్రయాణపు ఇన్సూరెన్సులు పాత జబ్బులకు సరిగ్గా పనికిరావు. పైగా పొద్దున్నే రైతుబజారుకు నడిచి వెళ్లి నలుగురితో మాట్లాడి వచ్చే మనిషిని, కారు లేకపోతే గడప దాటలేని చోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో వాళ్ల ముఖం చూస్తే తెలుస్తుంది. దీన్ని నేను దారిగా లెక్కపెట్టను.

నాలుగో దారి: హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండటం

ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే చివరికి చాలామంది తేలేది ఇక్కడే. ఉద్యోగాలు, స్కూళ్లు, అమెరికా నుంచి వచ్చిన ఇతర కుటుంబాలు, అన్నీ హైదరాబాద్‌లో దొరుకుతాయి. విశాఖకు విమానంలో గంటా గంటంబావు. 2023 జనవరి 15 నుంచి వందేభారత్ ఉంది, సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు. రాత్రి బండ్లు ఎటూ ఉన్నాయి.

కానీ నిజాయితీగా చెప్పుకోవాలి. అమ్మానాన్నల కోసం వస్తున్నాం అనుకుని హైదరాబాద్‌లో దిగితే, వాళ్లకు దక్కేది నెలకో శనాదివారం. రోజూ మందుల డబ్బా చూసేవాళ్లు అప్పటికీ ఉండరు. ఈ దారిలో నిజంగా దొరికేది ఇంకొకటి: నాన్నకు ఛాతీలో నొప్పి అని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వస్తే తెల్లారేసరికి ఆసుపత్రిలో ఆయన పక్కన ఉంటారు. డాలస్ నుంచి అయితే రెండో రోజు సాయంత్రం. ఇది చిన్న తేడా కాదు. పెద్దవాళ్లు హైదరాబాద్ వచ్చి మీతో ఉంటారనే లెక్క మాత్రం వేయకండి. నలభై ఏళ్లు ఉక్కునగరంలోనో సీతమ్మధారలోనో ఉన్నవాళ్లు గచ్చిబౌలి పదిహేనో అంతస్తులో నెల తిరక్కుండానే ఇంటికి పోతామంటారు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ ఎప్పటికీ ఉండిపోయే వీలు చాలామందికి లేదు. ఎప్పుడు రావాలన్నదే ప్రశ్న. దానికి జవాబు కింద పిల్లల సంగతిలో ఉంది.

పిల్లల క్లాసు

ఐదో తరగతి లోపు పిల్లలు ఏడాదిలో కలిసిపోతారు. తెలుగు చదవడం, రాయడం కొంచెం ఏడిపిస్తుంది, అంతే. ఆరు, ఏడు తరగతుల్లో కష్టపడతారు గానీ సర్దుకుంటారు. ఎనిమిది దాటితే మాత్రం నేను గట్టిగానే చెబుతాను: ఇంటర్‌కి సమానమైన చదువు అయ్యేదాకా అక్కడే ఉంచండి, లేదా ఐబీ, కేంబ్రిడ్జి లాంటి అంతర్జాతీయ సిలబస్ ఉన్న స్కూలు దొరికితేనే కదపండి. అలాంటివి విశాఖలో చాలా తక్కువ. ఇక్కడ ఎనిమిది నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వచ్చే పిల్లల మధ్య, ఫుట్‌బాల్, బ్యాండ్, సైన్స్ ప్రాజెక్టులతో పెరిగిన పిల్లాడిని కూర్చోబెడితే వాడికి వచ్చే టెన్షన్ మామూలుది కాదు. తెలివి తక్కువై కాదు, ఆ పద్ధతే కొత్త.

భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు ఇంకో గడువుంది, గల్ఫ్ కుటుంబాలు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్, మెడిసిన్ కన్వీనర్ (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే) సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదవాలి. అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా. పదో తరగతి అక్కడే పూర్తిచేసి ఇంటర్‌కి తీసుకొస్తే రెండేళ్ల తేడాతో ఆ అవకాశం పోతుంది.

విదేశీ పాస్‌పోర్టుతో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్న పిల్లలకు పరిస్థితి కఠినంగా మారింది. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో, ఆ తేదీ నుంచి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లు ఎన్నారై సీట్లకూ, అదనపు సీట్లకూ మాత్రమే పోటీ పడాలి. పుట్టింది అమెరికాలో, చదివిందంతా విశాఖలోనే అయినా సరే. పదేళ్లు ఇక్కడ చదివించి ఎయిమ్స్‌లో మామూలు సీటు వస్తుందని కలగనేవాళ్లు ఈ సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి. ఆ పిల్లలు కాలేజీకి తిరిగి అక్కడికే వెళ్తారనుకుని ఫీజుల డబ్బు డాలర్లలోనే ఉంచుకోవడం మంచిది.

డబ్బు, పన్ను

వచ్చే తేదీని కొంచెం ముందూ వెనకా చేసుకుంటే లాభం ఉంటుంది. గత నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇండియాలో ఉండనివాళ్లు అక్టోబరు మొదటి వారం దాటాక దిగితే, ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండవు, నాన్ రెసిడెంట్‌గానే మిగులుతారు. అదే ఏడాది ఏప్రిల్ తర్వాత వచ్చి వెళ్లిన రోజులు ఉంటే వాటినీ కలుపుకోవాలి. తర్వాత మామూలుగా రెండేళ్లు, కొందరికి మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే గానీ మామూలు రెసిడెంట్ కాని) హోదా వస్తుంది. వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయినా, వెనకటి ఏడేళ్లలో 729 రోజులకు మించి ఇక్కడ ఉండకపోయినా ఇది దక్కుతుంది. ఈ కాలంలో అక్కడి వడ్డీ, అక్కడి షేర్ల లాభం, అక్కడి ఇంటి అద్దె మీద ఇక్కడ పన్ను ఉండదు. అమ్మాల్సిన కంపెనీ షేర్లు ఏవైనా ఉంటే ఈ లోపలే అమ్ముకోవడం తెలివైన పని. అక్కడి పన్ను ఎటూ తప్పదు.

స్థిరపడటానికి వచ్చాక ఎన్ఆర్ఈ ఖాతాను (ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునే రూపాయల ఖాతా) అలాగే నడపకూడదు. రెసిడెంట్ ఖాతాగానో, డాలర్లలోనే ఉంచాలంటే ఆర్ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించాలి. విదేశీ కరెన్సీలో వేసిన ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌ను గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు. బ్యాంకుకి చెప్పకుండా ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదని ఏళ్ల తరబడి ఊరుకునేవాళ్లున్నారు. నోటీసు వచ్చిన రోజున ఆ వడ్డీ కంటే ఎక్కువే కట్టాల్సి వస్తుంది. ఆర్ఎన్ఓఆర్ గడువు ముగిశాక విదేశీ ఖాతాలు, షేర్లు, ఇళ్లు అన్నీ రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో (షెడ్యూల్ ఎఫ్ఏ) చూపాలి. అమెరికా రిటైర్మెంట్ ఖాతా 401కె లో ఏటా పెరిగే సొమ్ము మీద ఇప్పుడే కాకుండా, డబ్బు తీసుకున్నప్పుడే పన్ను పడేలా ఆదాయపు పన్ను చట్టంలో ఏర్పాటు ఉంది. దానికి ప్రత్యేక ఫారం గడువులోగా వేయాలి.

అమెరికా పౌరులు ఎక్కడున్నా ఏటా అక్కడ రిటర్ను వేస్తూనే ఉండాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాల మొత్తం ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ ఫారం కూడా. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు వాళ్లకు తలనొప్పి, కొనకపోవడమే మేలు.

ఆరోగ్య బీమా రాకముందే తీసుకోండి. పాత జబ్బులకు పాలసీలు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. ఆ మూడేళ్లు మీరు అక్కడ ఉండగానే మొదలైతే మంచిది కదా.

ఊళ్లో ఎక్కడ?

సముద్రం కనబడే ఫ్లాట్ మీద ఎన్నారైలకు ఉన్న మోజు నాకు అర్థమవుతుంది. లాసన్స్ బే, పాండురంగాపురం, రుషికొండ వైపు పొద్దున లేచి బాల్కనీలోకి వస్తే మనసు నిండిపోతుంది. కానీ ఆ ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ రెండు మూడేళ్లకే తుప్పు పట్టి రాలుతుంది, కిటికీ గ్రిల్లులు ఏటా రంగు అడుగుతాయి, స్కూటరు చైను సంగతి చెప్పక్కర్లేదు. అద్దెకైతే తప్పకుండా ఉండండి. కొనడానికి మాత్రం బీచ్ నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికి చూడమంటాను.

పెద్దవాళ్లతో కలిసి ఉండేవాళ్లకు నా ఓటు ఎంవీపీ కాలనీ, సీతమ్మధారలకే. రైతుబజారు, మందుల షాపు, గుడి, బస్సు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. ఆరిలోవ హెల్త్ సిటీ, హనుమంతవాకలోని విమ్స్ ప్రభుత్వాసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పెద్ద దూరం కాదు. పాత బిల్డింగుల్లో లిఫ్టు చిన్నది, పార్కింగు ఇబ్బంది, అది నిజమే. ఐటీ కొండల మీద ఉద్యోగం ఉన్నవాళ్లకు మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది అనుకూలం. కొత్త అపార్ట్‌మెంట్లు, పిల్లలకు ఆడుకునే చోటు ఉంటాయి. విజయనగరం జిల్లా భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి కూడా ఇదే దగ్గర. గాజువాక, కూర్మన్నపాలెంలో పుట్టిపెరిగినవాళ్లు ఆ వైపే ఉండాలనుకోవడం సహజం. కానీ ఫ్యాక్టరీల గాలి గురించి, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకైన రాత్రి తర్వాత, పరిశ్రమకూ ఇళ్లకూ మధ్య ఎంత దూరం ఉందో చూడకుండా ఎవరూ ఇల్లు తీసుకోకూడదని నా అభిప్రాయం.

మొదటి ఏడాది ఇల్లు గానీ స్థలం గానీ కొనొద్దు. సెలవుల్లో వచ్చి రెండు వారాల్లో అడ్వాన్సు ఇచ్చి పోయేవాళ్ల కోసమే కొందరు ఎదురుచూస్తుంటారు. కొనే రోజు వచ్చినప్పుడు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), జీవీఎంసీ (నగరపాలక సంస్థ) లేదా వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను, ఫ్లాట్ అయితే రెరా నంబరు, మీ వాటాకు వచ్చే స్థలం ఎన్ని గజాలు అన్నీ సొంత లాయరుతో చూపించండి, బిల్డరు చూపించిన లాయరుతో కాదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూములు) ఉందేమో చూడండి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదు ఊళ్ల భూములకు సింహాచలం దేవస్థానంతో ఉన్న పంచగ్రామాల వివాదం ఏళ్ల తరబడి నలుగుతోంది. అక్కడ రేటు తక్కువగా ఉందంటే కారణం అదే. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. ఆనందపురం, భీమిలి వైపు 'ఫామ్ ప్లాట్' అని ఫోన్లు చేసేవాళ్లకు ఆ మాటే చెప్పి పెట్టేయండి. అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ పత్రంలో ఒక్క పనికే అధికారం ఇవ్వండి, సొంత తమ్ముడికైనా సరే.

ఇద్దరిలో ఒక్కరికే రావాలని ఉంటే

ఫోన్‌లో నాతో మాట్లాడే ఆడవాళ్లు కాసేపయ్యాక గొంతు తగ్గించి అడిగేది ఇదే. ఆయనకు వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి రావాలని ఉంటుంది. ఆవిడకు అక్కడ పదిహేనేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న ఉద్యోగం, తన కారు, తన సమయం. ఇక్కడికొస్తే ఉద్యోగం చిన్నదైపోతుందేమో, పొద్దున్నుంచి రాత్రి దాకా వచ్చేపోయే చుట్టాలకు కాఫీలు పెట్టాలేమో అని భయం. ఆ భయం ఊహ కాదు. ఇక్కడ నిజంగానే కోడలి మీద ఆశలు ఎక్కువ. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళంలోనో రాజమండ్రిలోనో ఒంటరిగా ఉంటే వాళ్లను ఎవరు చూస్తారన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ అడగరు కూడా.

అందుకని రావాలనుకునేవాళ్లు మొదట ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇల్లు విడిగా ఉండాలి, అత్తమామల ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నా సరే. వంటకూ ఇంటిపనికీ మొదటి నెల నుంచే మనుషుల్ని పెట్టుకోవాలి. ఆవిడ ఉద్యోగం తేలేదాకా ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకూడదు. రెండు వైపుల అమ్మానాన్నలకూ నెలలో ఎన్ని రోజులు అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఇవేవీ కుదరకపోతే, ఒకరే వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లే మూడో దారి మంచిది. అదీ కుదరనప్పుడు, పెద్దవాళ్ల దగ్గర పగలంతా ఉండే నమ్మకమైన మనిషిని, వారానికోసారి ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూసే నర్సును ఏర్పాటు చేసి, మందుల జాబితా ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకుని, నెలకోసారి షాపు బిల్లుతో సరిచూసుకుంటూ ఉండండి.